గాత్ర కచేరీలకూ గుంటూరు రైలుకూ కలిపి ఆరేడు వేలలో ఏ హెడ్‌ఫోన్లు తీసుకోవాలి?

సత్యనారాయణపురం శ్రోత (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటూ రోజూ రైల్లో గుంటూరుకు ఉద్యోగానికి వెళ్ళి వస్తుంటాను. ఫోనుతో పాటు వచ్చిన ఇయర్‌ఫోన్లు పాడైపోయాయి కనుక ఈసారి కాస్త మంచివి కొనాలని అనుకుంటున్నాను. బడ్జెట్ ఆరు వేలు, మహా అయితే ఏడు. వినేది ఎక్కువగా కర్ణాటక గాత్ర కచేరీలు, ఘంటసాల గారి కాలం నాటి సినిమా పాటలు, ఆ తరవాత ఇళయరాజా. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో కాసేపు, రైల్లో రెండు పూటలా వింటాను. పక్క గదిలో అమ్మా నాన్నా పెందలాడే పడుకుంటారు కనుక స్పీకర్లు పెట్టే వీలు లేదు. నా ఆండ్రాయిడ్ ఫోనుకు 3.5 మిల్లీమీటర్ల జాక్ లేదు, టైప్-సి మాత్రమే ఉంది. బీసెంట్ రోడ్డులో దుకాణాలు తిరిగితే ప్రతి చోటా "బేస్ అదిరిపోతుంది సార్" అన్నారే తప్ప వేరే మాట లేదు. నాకు కావలసింది అది కాదు. గాయకుడి గొంతు, వెనక తంబురా, పక్కన వయొలిన్ వేటికవి తెలియాలి. రెండు చోట్లకూ పనికివచ్చే హెడ్‌ఫోన్ ఒక్కటి చెప్పగలరు.

మంద్రస్థాయి (విజయవాడ, పటమట)

రైలు అన్నారు, జాక్ లేదన్నారు. ఇక ఆలోచించడానికేముందండీ? నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఒకటి తీసుకోండి. వైర్ల బాధ ఉండదు, ఫోను రాగానే మాట్లాడుకోవచ్చు, బోగీలో గోల సగానికి సగం తగ్గిపోతుంది. ఈ రోజుల్లో వైరు పట్టుకుని తిరిగేవాళ్ళు ఎవరున్నారు?

తీగల మేస్త్రి (గుంటూరు, అరండల్‌పేట)

శ్రోత గారూ, రెండు చోట్లకూ ఒకటే కావాలన్న షరతును ముందుగా వదులుకోమని నా సలహా. రైలు పెట్టెలో కావలసిన గుణమూ, సద్దుమణిగిన గదిలో కావలసిన గుణమూ ఒకదానికొకటి ఎదురు. రైల్లో బయటి చప్పుడు లోపలికి రాకూడదు. ఇంట్లోనేమో మీరు కోరినట్లు గొంతు, తంబురా, వయొలిన్ కాస్త ఎడంగా, వేటి చోటులో అవి వినిపించాలంటే డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే చిన్న స్పీకర్, వెనక భాగం మూసి ఉండకపోవడమే మేలు. క్లోజ్డ్ బ్యాక్‌లో డ్రైవర్ వెనక్కి పంపిన శబ్దం ఆ డొప్పలోనే తిరిగి కొంత మళ్ళీ చెవికే చేరుతుంది. వెనక జాలీ ఉండే ఓపెన్ బ్యాక్‌లో అది బయటికి వెళ్ళిపోతుంది కనుక పాట తలలో ఇరుక్కున్నట్లు కాక ఎదుట కొంచెం దూరంలో జరుగుతున్నట్లు ఉంటుంది. సెన్‌హైజర్ వారు 1968లో హెచ్‌డి 414తో ఈ పద్ధతిని బజారులోకి తెచ్చినప్పటి నుంచి, ఇంట్లో తీరిగ్గా కూర్చుని వినేవారి కోసం చేసే హెడ్‌ఫోన్లలో ఎక్కువ భాగం ఈ తరహావే. 1997లో వచ్చిన వారి హెచ్‌డి 600ను నేటికీ కొంటున్నారంటే గాత్రాన్ని అది పలికించే తీరే అందుకు కారణమని నేను నమ్ముతాను. అయితే అది మీ బడ్జెట్‌కు అందదు, పైగా 300 ఓమ్‌ల ఇంపీడెన్స్ (కరెంటుకు అది చూపే నిరోధం) కనుక ఫోను దానికి చాలినంత వోల్టేజీ ఇవ్వలేదు. ఆ రకం శబ్దానికి దగ్గరగా, ఫోనుతో నడిచేవి తక్కువ ధరలో వెతుక్కోవాలి.

నా దృష్టిలో రెండున్నాయి. మొదటిది ఏకేజీ కె240 స్టూడియో. ఇది సగం ఓపెన్, 55 ఓమ్‌లు, వైరు ఊడదీసి మార్చుకోవచ్చు. మధ్యస్థాయి శుభ్రంగా ఉంటుంది, గాత్రం ముందుకు వచ్చి నిలబడుతుంది, కింది బేస్ మాత్రం పలచన. రెండోది ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ 9500. ఇది పూర్తి ఓపెన్, 32 ఓమ్‌లు, రెండు వైపులా మామూలు 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న ఏ వైరైనా దీనికి సరిపోతుంది. ఈ రెండింటి ధరలూ ఆన్‌లైన్‌లో నెలకో తీరుగా ఉంటాయి కనుక తొందరపడకుండా కొన్నాళ్ళు గమనించండి. వీటి నుంచి శబ్దం బయటికి వస్తుంది. అదే గదిలో ఎవరైనా పడుకుంటే ఇబ్బందే గాని, తలుపు వేసిన పక్క గదికి వినపడదు.

రైలుకు చెవిలోపల బిగుసుకునే ఇన్-ఇయర్ రకం చాలు. సెవెన్ హెర్ట్జ్ సాల్నోట్స్ జీరో గాని, మూన్‌డ్రాప్ చూ 2 గాని రెండు వేలకు కాస్త అటూ ఇటూగా దొరుకుతాయి. ఒకప్పుడు పది వేలు పోసినా దొరకని సమతూకం ఇవాళ వాటిలో ఉంది. మొత్తం కలిపితే మీ ఏడు వేలకు కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఏడు వేలూ ఒకే వస్తువు మీద పెట్టి రెండు చోట్లా రాజీ పడడం కంటే ఇదే నయం.

మంద్రస్థాయి

మేస్త్రి గారూ, అంటే మళ్ళీ రెండు వైర్లు, దానికి తోడు వైరు పిన్నును టైప్-సికి కలిపే డాంగిల్ ఒకటి. మనిషి ఉద్యోగానికి వెళ్తున్నాడా, రికార్డింగుకు వెళ్తున్నాడా?

తీగల మేస్త్రి

నవ్వు తెప్పించారు. అయినా లెక్క చూడండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కు మీరిచ్చే ఆరు వేలలో బ్యాటరీ, రేడియో చిప్, మైకులు, నాయిస్ క్యాన్సిలింగ్ సర్క్యూట్ అన్నిటికీ వాటా పోతుంది, మిగిలినదే డ్రైవరుకూ ట్యూనింగుకూ దక్కేది. సోనీ వారి డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం4 లాంటి పెద్ద ధర వస్తువుల్లో ఈ ఖర్చులన్నీ పోయినా నాణ్యతకు మిగులుతుంది, ఆరు వేలలో మిగలదు. పైగా లిథియం బ్యాటరీకి ఆయుష్షు ఉంది. అది అయిపోయినప్పుడు డ్రైవర్ బాగానే ఉన్నా వస్తువు మూలన పడుతుంది.

నాయిస్ క్యాన్సిలింగ్ సంగతి కూడా ఒకటి చెప్పాలి. బయటి శబ్దాన్ని మైకుతో విని దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించడమే దాని పని. కూలర్ రొద, బోగీ కింద చక్రాల గర్జన లాంటి లోతైన, ఎడతెగని శబ్దాల మీద అది బాగా పనిచేస్తుంది. ఎదుటి సీట్లో రాజకీయాలు మాట్లాడేవారి గొంతు మీదా, పల్లీలమ్మే అబ్బాయి కేక మీదా అంతగా పనిచేయదు. చెవిలో సరిగ్గా అమరిన రబ్బరు టిప్పు ఆ పై శబ్దాలను ఏ కరెంటూ లేకుండానే ఆపుతుంది. డబ్బాలో మూడు నాలుగు సైజుల టిప్పులు ఇస్తారు. చాలామంది మధ్య సైజు తగిలించుకుని, బేస్ లేదని తిట్టుకుని పక్కన పడేస్తారు. టిప్పు వదులైతే మొదట పోయేది బేసే. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకో సైజు పట్టేవారూ ఉంటారు కనుక రెండూ విడివిడిగా చూసుకోండి.

పాతపాటల పెట్టె (విజయవాడ, కృష్ణలంక)

పాత సినిమా పాటల గురించి ఎవరూ ఎత్తలేదు కనుక నేను కలగజేసుకుంటున్నాను. ఘంటసాల గారు 1974లో కాలం చేశారు. వారి పాటల్లో అత్యధిక భాగం మోనోలో రికార్డయినవే. మోనో పాటలో రెండు చెవులకూ ఒకే శబ్దం వెళ్తుంది కనుక ఎంత ఖరీదైన ఓపెన్ బ్యాక్ పెట్టుకున్నా గొంతూ వాద్యాలూ అన్నీ నుదుటి మధ్యనే కలిసి వినిపిస్తాయి. ఎడంగా, విశాలంగా అన్న గుణానికి అక్కడ పెద్దగా పని లేదు. ఆ పాటలకు అడగవలసింది వేరు. పై స్థాయిలో పదును ఎక్కువగా ఉన్న హెడ్‌ఫోన్‌తో వింటే రికార్డు గరగర, టేపు హిస్సు, గొంతులో స, శ, ష అక్షరాలు సూదుల్లా గుచ్చుకుంటాయి. స్టూడియోల్లో ఎంతో పేరున్న బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో ఈ పదునుకు పేరుమోసింది. కొత్త రికార్డుల్లో తప్పులు పట్టడానికి అది ఉపయోగపడుతుందేమో గాని, పాత పాటను అరగంట సేపు వినలేము. మేస్త్రి గారు చెప్పిన కె240 ఈ విషయంలో మెత్తన, ఫిలిప్స్‌కు పై స్థాయిలో కొంచెం మెరుపు ఎక్కువ.

వినే ఫైలు ఎలాంటిదో కూడా చూసుకోవాలి. ఎవరో ఎప్పుడో 64 కేబీపీఎస్‌కు కుదించి పెట్టిన పాటను మంచి హెడ్‌ఫోన్ బాగు చేయదు సరికదా, ఆ కుదింపులో పోయినదేమిటో ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. 1948లో మొదలైన మన విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన బాలమురళీకృష్ణ గారి రేడియో గానం యూట్యూబులో ఎన్ని చోట్ల ఉందో చూడండి. ఒకే కృతి ఒక చోట మట్టిలో పూడ్చినట్లు, ఇంకో చోట ఎదురుగా కూర్చుని పాడినట్లు ఉంటుంది. కాబట్టి కొనబోయే ముందు, మీకు బాగా తెలిసిన ఒక పాటకు మంచి ప్రతిని సంపాదించి, దానితోనే అన్నిటినీ పోల్చండి.

సత్యనారాయణపురం శ్రోత

అందరికీ కృతజ్ఞతలు. రెండు వస్తువులన్న ఆలోచన మొదట మింగుడు పడలేదు గాని, కారణాలు చదివాక సబబుగానే తోస్తోంది. ఒక అనుమానం. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నాకు ప్రాణం. కె240లో కింది బేస్ పలచన అన్నారు. అది మరీ తెలిసిపోతుందా?

తీగల మేస్త్రి

బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. కె240లో ఆ అడుగు స్వరాల బరువు తగ్గుతుంది గాని, వాటితో పాటు పలికే పై హార్మోనిక్స్ (అనుస్వరాలు) స్పష్టంగా ఉంటాయి కనుక వేలు తీగ మీద ఎటు నడుస్తోందో తెలుస్తుంది, కడుపులో దెబ్బ మాత్రం తెలియదు. మృదంగం తొప్పి వైపు గుమ్కీ కూడా అలాగే, ఆకారం ఉంటుంది, బరువు తక్కువ. ఆ బరువు మీకు రైల్లో ఇన్-ఇయర్లలో దొరుకుతుంది, ఎందుకంటే చెవి పూర్తిగా మూసుకున్నప్పుడు కింది స్వరాలు ఎటూ పోవు. ఇంట్లో కూడా కావాలంటే వేవ్‌లెట్ గాని పవర్‌యాంప్ గాని యాప్ వేసుకుని ఈక్వలైజర్‌లో వంద హెర్ట్జ్ కిందిది మూడు నాలుగు డెసిబెల్‌లు పెంచుకోండి. అంతకు మించి పెంచితే గొంతు మసకబారుతుంది.

కొత్తపేట మాస్టారు (గుంటూరు)

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. ఈ చర్చ ఆసక్తితో చదువుతున్నాను. నాకు ఎడమ చెవి కాస్త మందం. పాటలో మాటలు అర్థం కాక వాల్యూమ్ పెంచుతుంటే మా అమ్మాయి కోప్పడుతోంది. నాలాంటివారికి ఎలాంటివి మంచివి?

పాతపాటల పెట్టె

మాస్టారూ, మీ అమ్మాయి కోపంలో న్యాయం ఉంది. వయసుతో పాటు ముందుగా తగ్గేది పై స్థాయి వినికిడి. హల్లుల స్పష్టత అక్కడే ఉంటుంది కనుక మాట వినపడుతుంది గాని పదం తెలియదు. అప్పుడు మొత్తం వాల్యూమ్ పెంచితే అవసరం లేని కింది శబ్దం కూడా పెరిగి చెవి అలసిపోతుంది. ముందు చెవి డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ తీయించుకోండి. ఏ చెవికి ఏ స్థాయిలో ఎంత లోటుందో ఆ కాగితం చెబుతుంది. ఆ తరవాత మీ ఫోను సెట్టింగులలో యాక్సెసిబిలిటీ అనే చోట ఎడమ కుడి బ్యాలెన్స్ జరుపుకునే గీత ఉంటుంది. దాన్ని ఎడమకు కొద్దిగా జరిపితే కుడి వైపు శబ్దం తగ్గి రెండు చెవులకూ సమంగా అనిపించవచ్చు. అక్కడే మోనో ఆడియో అనే మీట కూడా ఉంది. ఎడమ వైపు మాత్రమే వచ్చే వాద్యాన్ని అది రెండు వైపులకూ పంచుతుంది. పైన నేను పదును అని తప్పుబట్టిన హెడ్‌ఫోన్లు మీకు హాయిగా ఉండవచ్చు, ఒకరి చెవికి గుచ్చుకున్నది ఇంకొకరికి తేటగా వినిపిస్తుంది.

వాల్యూమ్ గురించి ఒక లెక్క అందరికీ పనికివస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం కలిసి 2019లో వెలువరించిన ప్రమాణం ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్‌ల దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. ప్రతి మూడు డెసిబెల్‌లకూ ఆ సమయం సగమవుతుంది. అంటే 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలే. రైలు రొద మీద పాట వినిపించాలని వాల్యూమ్ పెంచేవారు తమకు తెలియకుండానే ఆ మెట్లు దిగుతుంటారు. బయటి శబ్దాన్ని ఆపే ఇన్-ఇయర్లు రైల్లో అవసరమని మేస్త్రి గారు చెప్పినదానికి ఇది ఇంకో కారణం.

కీబోర్డు కుర్రాడు (గుంటూరు, బ్రాడీపేట)

అన్నయ్యా, నేను హాస్టల్లో కీబోర్డు సాధన చేస్తాను. ఫ్రెండు బ్లూటూత్ హెడ్‌ఫోన్ తగిలిస్తే మీట నొక్కాక కాస్త ఆగి స్వరం వస్తోంది. కీబోర్డు పాడయిందా?

తీగల మేస్త్రి

కీబోర్డు బాగానే ఉంది తమ్ముడూ. బ్లూటూత్ శబ్దాన్ని కుదించి, పంపి, అవతల మళ్ళీ విప్పే లోపల సెకనులో పదో వంతుకు మించి ఆలస్యం మామూలుగానే జరుగుతుంది. సినిమా చూసేటప్పుడు ఫోను బొమ్మను కూడా అంతే ఆపి సర్దేస్తుంది కనుక తెలియదు, వాయించేవాడికి మాత్రం తాళం తప్పుతుంది. సాధనకు వైరే గతి. నీకు ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం20ఎక్స్ సరిపోతుంది. క్లోజ్డ్ బ్యాక్ కనుక గదిలో మిగతావారు బతికిపోతారు. దాని వైరు మూడు మీటర్లు, ఊడదు. రైలుకు అది పెద్ద తలనొప్పి గాని కీబోర్డు ముందు కూర్చునేవాడికి వరమే. కీబోర్డుకు ఉండేది సాధారణంగా పావు అంగుళం రంధ్రం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఆ మార్పిడి పిన్ను హెడ్‌ఫోన్ డబ్బాలోనే వస్తుంది, తీసి పారేయకు.

మంద్రస్థాయి

మీరంతా ఒక విషయం మరిచిపోయారు, మన ఎండలు. రోహిణీ కార్తెలో బెజవాడలో చెవుల మీద తోలు గిన్నెలు పెట్టుకుని ఎవరు కూర్చుంటారు? ఇది బ్లూటూత్ మీద నా పంతం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

తీగల మేస్త్రి

ఇది అడగవలసిన ప్రశ్నే. నా దగ్గరికి బాగుచేయమని వచ్చే హెడ్‌ఫోన్లలో ఎక్కువ వాటికి పోయేది డ్రైవర్ కాదు, ప్యాడ్లు. కృత్రిమ తోలు చెమటకూ వేడికీ మొదట బిరుసెక్కుతుంది, అంచుల దగ్గర సన్నటి పగుళ్ళు వస్తాయి, ఆ తరవాత నల్లటి పొలుసులు రాలి చెవుల వెనక, మెడ మీద, తెల్ల చొక్కా కాలరు మీద అంటుకుంటాయి. రెండు మూడు వేసవుల్లో ఈ పని జరిగిపోతుంది. వాడిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిచి, బీరువాలో కాక గాలి తగిలే చోట తగిలిస్తే కొంత కాలం ఎక్కువ వస్తాయి. వెల్వెట్ లాంటి గుడ్డ ప్యాడ్లకు గాలి ఆడుతుంది, పొలుసులు రావు, కాకపోతే దుమ్ము పడుతుంది, బేస్ కొద్దిగా తగ్గుతుంది. ఫిలిప్స్‌కు గుడ్డ ప్యాడ్లే ఇస్తారు, కాని వాటిని మార్చడం సులభం కాదు. కె240కి తోలు లాంటివి ఇస్తారు, ఊడదీసి వేరేవి వేసుకోవచ్చు. కళ్ళజోడు ఉన్నవారు ప్యాడ్ మెత్తగా ఉందో లేదో తప్పక చూసుకోవాలి, ఎందుకంటే జోడు కాడ దగ్గర సందు మిగిలితే క్లోజ్డ్ బ్యాక్‌లలో బేస్ అక్కడి నుంచే కారిపోతుంది.

సత్యనారాయణపురం శ్రోత

గవర్నర్‌పేటలో సంగీత పరికరాల దుకాణం ఒకదానిలో కె240 తీసి చూపించారు. అక్కడే ఒక క్లోజ్డ్ బ్యాక్ కూడా పెట్టి రెండింటిలోనూ ఒకే కచేరీ విన్నాను. మొదట క్లోజ్డ్ బ్యాకే బాగుందనిపించింది. కాని దాని శబ్దం పెద్దగా ఉందని గమనించి రెండింటి వాల్యూమూ సమం చేసి మళ్ళీ వింటే తేడా తెలిసింది. రెండోదానిలో తంబురా ఒక మోతగా ఉంది, కె240లో దాని నాలుగు తీగలూ ఒకదాని తరవాత ఒకటి మీటుతున్నట్లు తెలిసింది. వయొలిన్ గాయకుడి గమకాన్ని అనుసరిస్తూ అర క్షణం వెనక రావడం కూడా పట్టుకోగలిగాను. కె240 బిల్లుతో, వారంటీ కార్డుతో తీసుకున్నాను. సాల్నోట్స్ జీరో ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాను. ఐఫోన్ వాడే సహోద్యోగి దగ్గర ఆపిల్ టైప్-సి డాంగిల్ ఉంటే తెచ్చి నా ఫోనుకు పెట్టాను గాని, కె240 మరీ నీరసంగా పలుకుతోంది. వాల్యూమ్ చివరికంటా పెట్టినా చాలడం లేదు. హెడ్‌ఫోన్‌లో లోపమా?

తీగల మేస్త్రి

లోపం హెడ్‌ఫోన్‌లో లేదండీ. ఆ డాంగిల్ నాణ్యత మంచిదే గాని, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే దాని వాల్యూమ్ తక్కువ దగ్గరే ఆగిపోతుంది, ఫోనులో ఎంత పెంచినా పెరగదు. అదే డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి చూడండి, కె240 హాయిగా పలుకుతుంది. ఫోను కోసం వేరే కంపెనీ డాంగిల్ తీసుకోండి. కొనేటప్పుడు లోపల డీఏసీ చిప్ (డిజిటల్ పాటను అనలాగ్ శబ్దంగా మార్చేది) ఉన్నదా అని అడగండి. వందకో నూటయాభైకో అమ్మే వాటిలో కొన్ని ఉత్త వైర్లే, ఫోను స్వయంగా టైప్-సి ద్వారా అనలాగ్ శబ్దం పంపితేనే పనిచేస్తాయి, మీ ఫోను పంపకపోతే అసలు చప్పుడే రాదు. మీ ఫోను తీసుకెళ్ళి అక్కడే తగిలించి, కె240తో ఒక పాట పూర్తిగా విని, అప్పుడు డబ్బులివ్వండి.